వణుకు ఆగిపోయిన చేతులు

అర పేజీ పాఠం

మధుమేహం అంటే రక్తంలో చక్కెర ఎక్కువ కావడమని మాకు కాలేజీలో నేర్పారు. కాళ్లు కుళ్లడం, చూపు పోవడం, మూత్రపిండాలు చెడటం, అన్నీ ఎక్కువ చక్కెర చేసే పనులేనని నేర్పారు. అందులో అబద్ధం లేదు. కానీ అనంతపురం జిల్లా పడమటి అంచున ఒక చిన్న ధర్మాసుపత్రిలో పద్నాలుగేళ్లు పనిచేసిన నా చేతి మీదుగా జరిగిన అతి పెద్ద నష్టం తక్కువ చక్కెర వల్ల జరిగింది. దాని గురించి మాకు నేర్పింది అర పేజీ. చెమటలు, వణుకు, గుండెదడ ఉంటే పంచదార ఇవ్వవలెను. అంతే.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారి కోసం ఇది రాస్తున్నాను. నా ఉద్యోగ చరిత్ర ఇందులో లేదు, దానితో ఎవరికీ పని లేదు. ఒక రోగి, ఒక పై అధికారి, నేను చేసిన రెండు తప్పులు ఉన్నాయి. దీర్ఘకాలం మా దగ్గరికి వచ్చే ప్రతి రోగికీ నా సొంత నోటు పుస్తకంలో ఒక పేజీ కేటాయించేదాన్ని. ఆసుపత్రి రికార్డు వేరు, నాది వేరు. ఇక్కడ రాస్తున్నది ఆ పేజీలను ముందు పెట్టుకొనే. జ్ఞాపకాన్ని నమ్మి రాస్తే నన్ను నేను కొంత క్షమించుకుని ఉండేదాన్ని.

తిప్పేస్వామి

తిప్పేస్వామిది కుందుర్పి వైపు ఒక పల్లె. తొంభైల చివర, వేరుశనగ వరుసగా ఎండిపోయిన ఏళ్లలో, భార్య హనుమక్కతో రాయదుర్గం వచ్చి జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో చేరాడు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. పద్దెనిమిదో ఏట నుంచి షుగర్. మాత్రలకు లొంగే రకం కాదు. అతని శరీరంలో ఇన్సులిన్ తయారు కావడమే ఆగిపోయింది కనుక రోజూ పొద్దున, సాయంత్రం సూది వేసుకోవాలి. ఇంట్లో ఫ్రిజ్ లేదు. మందు సీసాను హనుమక్క తడి ఇసుక పోసిన కుండలో దాచేది. బస్సులో మా ఆసుపత్రికి నెలనెలా వచ్చేవారు. అతను ఒక్క సూది తప్పించలేదు, ఒక్క నెల మానలేదు. అంత నియమం పాటించిన రోగులను నేను ఎక్కువ మందిని చూడలేదు. ఆ నియమమే అతని కొంప ముంచింది.

ఇన్సులిన్ గడియారాన్ని బట్టి పనిచేస్తుంది. ఆ కరవు ఏళ్లలో రాయదుర్గంలో కుట్టేవాళ్లు కరెంటును బట్టి తినేవాళ్లు. కరెంటు ఉన్నంతసేపు మిషన్ మీది నుంచి లేవరు, పోయినప్పుడు సద్ది విప్పుతారు. పదకొండుకు పోవలసిన కరెంటు రెండు దాకా పోకపోతే రెండు దాకా ఎవరి నోట్లోకీ మెతుకు పోదు. పొద్దున ఏడింటికి ఒంట్లోకి దిగిన మందు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

మొదటి ఏడాది అతను వచ్చినప్పుడల్లా ఒకటే ఫిర్యాదు.

"పదకొండు కొట్టేసరికి సేతులు దడదడ వణకతాండాయి డాక్టరమ్మా. చెమట కారి అంగీ తడిసిపోతాది. సైడు కుట్టు పాము మాదిరి పోతాంది. మా మేస్త్రీ ఊరికే ఉంటాడా?"

"ఏమంటాడు?"

"'ఏమప్పా తిప్పేస్వామీ, ప్యాంటు కుడతాండావా, ముగ్గేస్తాండావా' అంటాడు."

జేబులో బెల్లం ముక్క పెట్టుకోమన్నాను, పెట్టుకున్నాడు. వణుకు రాగానే బెల్లం నమలడం, తగ్గగానే మళ్లీ మిషన్ తొక్కడం. ఇలా వారానికి నాలుగైదు సార్లు. తినే వేళ మార్చుకోమన్నాను.

"కరెంటాఫీసుకు ఒక చీటీ రాసియ్యమ్మా, మార్చుకుంటా" అని నవ్వినాడు. నా పేజీలో ప్రతి నెలా ఒకే వాక్యం ఉంది: 'వణుకు, చెమట. బెల్లంతో తగ్గుతోంది.'

రెండో ఏడాది మధ్యలో ఒక రోజు గదిలోకి వస్తూనే రెండు చేతులూ నా బల్ల మీదికి చాచాడు.

"నిలిచిపోయింది డాక్టరమ్మా! నెలాయె. వణుకు ల్యా, చెమట ల్యా. సూడు సేతులు. కుట్టు దారం గుంజి పట్టినట్టు పడతాంది. మేస్త్రీ నోరు మూసుకొనిండాడు."

చేతులు నిజంగానే కదలకుండా ఉన్నాయి. పక్కన కూర్చున్న హనుమక్క ముఖంలో మాత్రం ఆ సంతోషం లేదు.

"ఒగోసారి పిలిస్తే పలకడమ్మా" అంది. "సంగటి ముద్ద సేతిలో పెట్టుకొని దానిపక్కే సూస్తా కూసుంటాడు. తినప్పా అంటే కోపం. మొన్న కొళాయికాడికి పోయి బిందె పెట్టకుండానే నీళ్లు ఇడిసి నిలబడినాడు."

"నేను బాగుండేది ఈమెకు సరిపోదు డాక్టరమ్మా" అన్నాడతను. "ఏదో ఒకటి కనిపెడతాది."

నేనూ అతనూ నవ్వాం. ఆ రోజు నా పేజీలో రాసినది ఇది: 'లక్షణాలు పోయాయి. మెరుగు.'

అది నా మొదటి తప్పు.

వణుకు దేనికి

రక్తంలో చక్కెర పడిపోవడం మొదలుకాగానే ఆరోగ్యవంతుడి శరీరం మూడు పనులు చేస్తుంది. ఇన్సులిన్‌ను ఆపుతుంది. కాలేయంలో దాచిన చక్కెరను బయటికి తెచ్చే గ్లూకగాన్‌ను వదులుతుంది. అప్పటికీ చాలకపోతే, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్‌ను, కొంత నెమ్మదిగా కార్టిసాల్‌ను వదులుతుంది. పులిని చూసినప్పుడు వచ్చే హార్మోన్లే ఇవి. చక్కెర తగ్గడం మెదడుకు పులి కన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు. వణుకు, చెమట, గుండెదడ జబ్బు లక్షణాలు కావు. కాపలావాడు వేసే కేకలు.

తిప్పేస్వామి వంటి రోగికి మొదటి పని చేతకాదు, ఎందుకంటే ఇన్సులిన్ బయటి నుంచి వచ్చింది, ఎవరూ ఆపలేరు. కొన్నేళ్లకు రెండోదీ పోతుంది. ఇక మిగిలేది అడ్రినలిన్ ఒక్కటే. ఆ ఒక్కదానికీ ఒక బలహీనత ఉంది. చక్కెర పదే పదే పడిపోతూ ఉంటే శరీరం ఆ తక్కువకే అలవాటు పడుతుంది. నిన్న పడిపోయినప్పుడు వచ్చినంత అడ్రినలిన్ ఇవాళ రాదు, రేపు ఇంకా తక్కువ, ఇంకా ఆలస్యంగా వస్తుంది. చివరికి కేక వినిపించకముందే మెదడు మసకబారుతుంది. రోగికి వణుకు ఉండదు, చెమట ఉండదు. సంగటి ముద్ద చేతిలో ఉండి, అది ఎందుకున్నదో తెలియదు.

కొత్తగా తెప్పించుకున్న పాఠ్యపుస్తకంలో ఈ విషయం చదివి, లేచి నా నోటు పుస్తకం తెరిచి, 'మెరుగు' అన్న మాటను చూశాను. తర్వాత పుస్తకాలన్నీ తిరగేశాను. 'లక్షణాలు పోయాయి' అని మరో ఆరుగురి పేజీల్లో నా దస్తూరీతోనే ఉంది. అందులో ఇద్దరు అప్పటికే లేరు. ఎలా పోయారో నేను చెప్పలేను. పోయినప్పుడు అడగలేదు.

నేను నేర్చుకున్నది ఇది: రోగి చెప్పే శుభవార్తను ఫిర్యాదు కన్నా జాగ్రత్తగా పరీక్షించాలి. భార్య చెప్పేది ముందు వినాలి. హనుమక్క ఆ రోజు జబ్బును పూర్తిగా వర్ణించింది. గదిలో ఉన్న డాక్టరు నవ్వుతోంది.

ఎర్ర సిరా

మా పెద్ద డాక్టరుకు ఒక పట్టిక ఉండేది. పరగడుపు చక్కెర హద్దులో ఉన్నవారి పేరు ఆకుపచ్చ సిరాతో, దాటినవారి పేరు ఎర్ర సిరాతో రాసి హాలు గోడకు అంటించేవాడు. ఎర్రలో పేరు పడ్డ రోగి పదిమందిలో తిట్లు తినేవాడు. తిప్పేస్వామి పేరు ఏడాది పొడవునా ఆకుపచ్చలో ఉండేది. "చూడండయ్యా, చదువు లేనివాడు ఎంత శ్రద్ధగా ఉన్నాడో" అని మిగతావారికి చూపించేవాడు.

ఆయన చెడ్డవాడు కాదు. అయి ఉంటే నాకు రాయడం సులువయ్యేది. పొలాల్లో చెప్పుల్లేకుండా నడిచి, పుండు పడి, పుండు కుళ్లి వచ్చినవారి కాళ్లు ఆయన చేతులతోనే తీశాడు. ఎక్కువ చక్కెరంటే ఆయనకు భయం, ఆ భయం న్యాయమైనది. తక్కువ చక్కెరకు ఆయన పట్టికలో మూడో రంగు లేదు. ఒక సంఖ్య తగ్గితే మంచిదని నమ్మిన మనిషికి అది ఎంత తగ్గినా మంచిదిగానే కనిపిస్తుంది.

తిప్పేస్వామి మందు మోతాదు తగ్గించాలని ఆయనతో చెప్పాను. కొన్ని వారాలపాటు చక్కెర ఒక్కసారి కూడా పడిపోకుండా చూస్తే శరీరానికి పాత అలవాటు తిరిగి రావచ్చునని, అందుకోసం ఆ వారాలు చక్కెర కాస్త ఎక్కువే ఉండనివ్వాలని వివరించాను. ఆయన నర్సుల వైపు తిరిగాడు.

"విన్నారామ్మా? రోగికి వణుకు తెప్పించడం మన మేడమ్ గారి కొత్త వైద్యం."

వాళ్లు నవ్వారు. నేను బయటికి వచ్చాను. అక్కడే నిలబడి వాదించవలసింది.

తిరిగి వచ్చిన వణుకు

ఆయనకు చెప్పకుండానే మొదలుపెట్టాను. సూది మోతాదు తగ్గించాను. కరెంటు ఉన్నా పోయినా పదకొండుకు ఏదో ఒకటి తినాలన్నాను. హనుమక్క ఇంటి దగ్గర ప్యాంట్లకు దారాలు కత్తిరించే పని చేసేది. రోజూ పదకొండుకు పని ఆపి, రెండు వీధులు నడిచి యూనిట్‌కు వెళ్లి, బొరుగుల ఉగ్గాని డబ్బా అతని మిషన్ మీద పెట్టి, తినేదాకా కదలకుండా నిలబడేది. మేస్త్రీకి అది వేడుక.

"ఏమ్మా హనుమక్కా, నీ బిడ్డకు పాలు పట్టే టయిమాయెనా?"

"ఔనప్పా. నీకూ పట్టల్లంటే మీ అమ్మను పిలుచుకోరాపో."

యూనిట్ అంతా నవ్విందట. ఇది ఆమె చెబితే నేను రాసుకున్నాను. ఆ పేజీలో నవ్వు వచ్చే చోటు ఇదొక్కటే.

ఐదో వారం ముగిశాక తిప్పేస్వామి వచ్చాడు. ఈసారి కోపంగా.

"పోయిన దయ్యాన్ని మళ్లా పిలుచుకొచ్చినావు గదమ్మా! మొన్న తిండి రోంత ఆలస్యమాయె, సేతులు ఒకటే వణుకు. చెమట. రెండు కట్టల ప్యాంట్లు ఎనక్కి ఏసినాడు మేస్త్రీ."

నాకు సంతోషంతో కళ్లలో నీళ్లు వచ్చాయి. అతనికది అర్థం కాలేదు.

"మీ ఊళ్లో గొర్ల మందకాడ కుక్క ఉంటుందా?" అని అడిగాను.

"ఉంటాది."

"రాత్రంతా మొరిగితే నిద్ర చెడుతుందని దాన్ని తరిమేస్తారా?"

"మొరగల్ల, కానీ కుట్టు వంకర పోగూడదు. రెండూ కావల్లంటే ఎట్లమ్మా?" అన్నాడు.

"వణుకు వచ్చినప్పుడు మిషన్ ఆపు. తిను. పావుగంట తర్వాత కుట్టు."

"సరే. నీ మాట మీద పోతాండా" అన్నాడు.

ఈ సంగతంతా, మోతాదు ఎందుకు తగ్గించానో, ఎన్ని వారాలు అలా ఉంచాలో, ఈలోగా చక్కెర ఎక్కువ కనిపిస్తే ఎందుకు కంగారు పడకూడదో, వరుస తప్పకుండా రాశాను. నా నోటు పుస్తకంలో రాశాను. రోగి చేతిలో ఉండే షుగర్ పుస్తకంలో మాత్రం కొత్త మోతాదు అంకె ఒక్కటే వేశాను. దాన్ని పెద్ద డాక్టరు చదువుతాడు, చదివితే మళ్లీ నర్సుల ముందు నవ్వుతాడు. ఆ నవ్వు తప్పించుకోవడానికి కారణం రాయలేదు.

అది నా రెండో తప్పు. మొదటిది తెలియక చేసినది.

నేను లేని వారం

నల్లమాడలో మా అక్క చనిపోతే వారం సెలవు మీద వెళ్లాను. ఆ వారంలోనే తిప్పేస్వామి వంతు వచ్చింది. తర్వాత జరిగినది హనుమక్క, మేస్త్రీ, పెద్ద డాక్టరు ముగ్గురినీ విడివిడిగా అడిగి రాసుకున్నాను. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. ఎవరూ అబద్ధమాడలేదు.

పరగడుపు చక్కెర ఎక్కువ వచ్చింది. అతని పేరు మొదటిసారి ఎర్ర సిరాలోకి మారింది.

"నువ్వు కూడానా తిప్పేస్వామీ?" అన్నాడు పెద్ద డాక్టరు, షుగర్ పుస్తకంలో మోతాదు చూసి. "మందు ఎవరు తగ్గించారు?"

"డాక్టరమ్మ తగ్గిచ్చింది సార్. కొన్నాళ్లు ఎక్కువే ఉండనీ అనె."

"ఎందుకంట?"

"కుక్క మొరగల్లంట సార్."

హాలంతా నవ్వింది. పెద్ద డాక్టరు షుగర్ పుస్తకం మళ్లీ చూశాడు. అంకె ఉంది, కారణం లేదు. మోతాదును పాతదాని కన్నా ఇంకో రెండు యూనిట్లు పెంచి రాశాడు. "మధ్యలో ఆ తిండ్లు మానెయ్. కాళ్లు ఉండాలా వద్దా నీకు?" అన్నాడు.

తిప్పేస్వామి డాక్టరు చెప్పినది తప్పకుండా చేసే మనిషి. హనుమక్క పదకొండుకు యూనిట్‌కు వెళ్లడం మానుకుంది. మూడో రోజుకే చక్కెర రెండుసార్లు పడిపోయి ఉంటుందని నా లెక్క. ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అన్ని వారాల్లో కూడగట్టుకున్న ఆ కొద్దిపాటి కేక రెండు దెబ్బలకే మళ్లీ మూగబోతుంది.

నాలుగో రోజు కరెంటు పోలేదు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఏకధాటిగా ఉంది. యూనిట్‌లో అందరూ అదృష్టమనుకున్నారు. ఒంటిగంటకు మేస్త్రీ తిప్పేస్వామి పక్కన పడిన కట్ట తీసి చూశాడు. ప్యాంట్ల కాళ్ల మూతులు మూసి కుట్టి ఉన్నాయి. ఒకటి కాదు, తొమ్మిది. కుట్టు ఒక్క నూలు కూడా వంకర పోలేదని మేస్త్రీ నాతో చెప్పాడు.

"ఏమప్పా, పొద్దన్నే ఏసినావా?" అని అడిగాడట. జవాబు లేదు. భుజం పట్టి లేపితే తూలాడు. తాగాడనుకున్నారు. తాగినవాణ్ణి ఏం చేస్తారో అదే చేశారు. కత్తిరింపు ముక్కల మూటల మీద నీడన పడుకోబెట్టి, దిగేదాకా నిద్రపోనీ అన్నారు.

"వానికి చెడ్డపేరు రాగూడదని యాజమానికి గూడా చెప్పలేదు మేడమ్. మంచి పనోడు" అన్నాడు మేస్త్రీ. అతను ఏడుస్తున్నాడు.

నాలుగింటికి ఎవరో హనుమక్కకు కబురు చెప్పారు. ఆమె వచ్చి, నోరు వాసన చూసి, తాగలేదని అరిచింది. ఆటోలో మా ఆసుపత్రికి చేర్చేసరికి ఐదు దాటింది. పెద్ద డాక్టరే స్వయంగా నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాడు. ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. చక్కెర పావుగంటలో మామూలయింది. కళ్లు తెరవడానికి రెండు రోజులు పట్టింది. తెరిచిన కళ్ల వెనక మనిషి తిరిగి రాలేదు.

ఆయన అడిగినది

నేను తిరిగి వచ్చిన రోజు నా నోటు పుస్తకం తీసుకెళ్లి పెద్ద డాక్టరు బల్ల మీద తెరిచి పెట్టాను. కోపంతో వెళ్లాను. ఆయన కూర్చుని మొత్తం చదివాడు. ఇక నన్నేమంటాడో చూద్దామనుకున్నాను.

"ఇంత వివరంగా రాశారు" అన్నాడు. "ఇది నేను చదవగలిగే చోట ఎందుకు రాయలేదు?"

నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఆయన తప్పుల గురించినవి. నోటు పుస్తకం మూసి తీసుకుని బయటికి వచ్చాను. గోడ మీద పట్టిక తీసేశారా అని మీరడగవచ్చు. తీయలేదు. నేను ఉద్యోగం విడిచిన నాటికీ అక్కడే ఉంది.

ఈ వృత్తిలో అజ్ఞానం వల్ల జరిగే నష్టం కన్నా, తెలిసినవాడు తెలిసిన సంగతిని సరైన కాగితం మీద పెట్టకపోవడం వల్ల జరిగే నష్టం ఎక్కువని నా అభిప్రాయం. దీన్ని మీరు చదివి తల ఊపుతారు. మీకూ ఒక పెద్ద డాక్టరు ఉంటాడు. ఆయన నవ్వుతాడు. మీరూ కారణం రాయరు. అలా జరగదని నమ్మడానికి నాకు ఏ ఆధారమూ కనబడలేదు.

పది నిమిషాలు

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన నెలకు హనుమక్క అతణ్ణి తీసుకొని వచ్చింది. నేను అతని షుగర్ పుస్తకం తీసుకొని, రాయవలసినదంతా రాశాను. వణుకు రాకపోవడం ఎందుకు ప్రమాదమో, మోతాదు ఎందుకు తగ్గించాలో, ఎవరూ ఎందుకు పెంచకూడదో, అన్నీ. రెండు పేజీలు నిండాయి. సంతకం చేసి ఆమె చేతికిచ్చాను.

ఆమెకు చదువు రాదు. పుస్తకం నాకే తిరిగి ఇచ్చింది. "ఏం రాసినావో సదువు."

చదివాను. మధ్యలో ఆపలేదు. ఆమె మొత్తం విన్నది.

"ఇది ముందరే రాసుంటే ఆ పెద్ద సారు సదివేటోడా?"

"చదివేవాడు."

"సదివింటే మందు పెంచేటోడు కాదా?"

"పెంచేవాడు కాదనే అనుకుంటాను."

ఆమె పుస్తకాన్ని కొంగులో చుట్టుకుంది. "ఇప్పుడు ఇదంతా రాసేదానికి ఎంతసేపాయె నీకు?"

"పది నిమిషాలు."

"పది నిమిషాలు" అంది. గొంతు పెంచలేదు. నన్ను తిట్టలేదు. తిడుతుందేమోనని నేను కూర్చునే ఉన్నాను. ఆమె వంగి, అతని కాలి కింద చెప్పు సరిచేసి, తొడిగింది. చెయ్యి పట్టుకుని, "లెయ్యి, బస్సు పోతాది" అంది.

తిప్పేస్వామి లేచాడు. ఎవరు చెయ్యి పట్టుకుంటే వారి వెంట వెళ్లడం అతనికి అప్పటికే అలవాటైంది.